స్టేషన్ నంబరు లేని పద్దెనిమిది మంది

ముప్పై ఒక్క ఏళ్ళు కార్ల కంపెనీలో పనిచేశాను. ఒక్క కారుకు ఒక్క బోల్టు కూడా బిగించలేదు. మా చిక్కడపల్లి సందులో వాళ్ళకి ఈ సంగతి చాలాకాలం తెలియదు. ఎవరి బండి మొరాయించినా మా గేటు ముందుకొచ్చేవాళ్ళు. నేను బానెట్ ఎత్తి, లోపలికి కాసేపు గంభీరంగా చూసి, "బ్యాటరీ అయి ఉండొచ్చు" అనేవాణ్ణి. చాలాసార్లు బ్యాటరీయే అయ్యేది. అలా వచ్చిన గౌరవాన్ని కాదనలేకపోయాను.

నా అసలు పని కార్మిక సంబంధాలు. కంపెనీకి కార్మికులంటే భయం, కార్మికులకి కంపెనీ అంటే భయం. ఈ రెండు భయాలూ ఒకే రోజు బయటపడకుండా చూడటానికి నాకు జీతమిచ్చేవాళ్ళు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చట్టాలు మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ప్రమోషన్ల సంగతి మీ తోటివాళ్ళు చెబుతారు. నేను ముఖ్యంగా పద్దెనిమిది మంది గురించి చెబుతాను. వాళ్ళ ఉద్యోగాలు ఒకసారి నేనే తీసేశాను. తర్వాత నేనే తిరిగి ఇప్పించాను. రిటైరయ్యాక ఇప్పుడు అవి మళ్ళీ పోయేలా ఉన్నాయి. సంగతి రేపు తేలుతుంది. అందుకని ఈ రాతలో ఎక్కడైనా తొందర కనిపిస్తే మన్నించండి.

ఎంతమంది?

మా ఫ్యాక్టరీ ఊరి బయట. అక్కడ ఎంతమంది పనిచేస్తారని ఎవరైనా అడిగితే నేను ముందు "ఎందుకండీ?" అని అడిగేవాణ్ణి. మర్యాద లేక కాదు. అడిగే మనిషిని బట్టి అంకె మారుతుంది. పత్రికల వాళ్ళకి చెప్పే అంకెలో అందరూ ఉంటారు, ఎందుకంటే ఉపాధి కల్పించామని చెప్పుకోవాలి. యూనియన్‌కి చెప్పే అంకెలో పర్మనెంటు వాళ్ళే ఉంటారు, ఎందుకంటే బేరం వాళ్ళతోనే. పై ఆఫీసుకి పంపే అంకెలో ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిది. లైన్ మీద మాత్రం పర్మనెంటు, ట్రైనీ, అప్రెంటిస్, కాంట్రాక్టు అని నాలుగు రకాల మనుషులు పక్కపక్కన నిలబడి ఒకే కారుకు ఒకే రకం పని చేస్తారు. కాలర్ రంగులే వేరు.

మీరు చేరిన మొదటి వారంలో ఒక పని చేయండి. గేటు దగ్గర నిలబడి, లోపలికి పోయే మనుషుల్ని కళ్ళతో లెక్కపెట్టండి. మీ షీటులో ఉన్న అంకెతో కలవదు. కలవలేదని కంగారు పడకండి. కలిసిందంటే అప్పుడు కంగారు పడండి.

పప్పు గిన్నె

నా మొదటి బాసు రాఘవులు గారు. మాట తక్కువ, అనుమానం ఎక్కువ. చేరిన రోజే నన్ను కార్మికుల క్యాంటీనుకి తీసుకెళ్ళారు. "ఆఫీసర్లకి వేరే క్యాంటీను ఉంది కదండీ" అన్నాను. "అక్కడ కూర బాగుంటుంది. ఇక్కడ వార్తలుంటాయి" అన్నారు.

ఫ్యాక్టరీలో గొడవ మొదలయ్యేది గేటు దగ్గర కాదు, క్యాంటీనులో. కార్మికులు అలిగితే ముందు అన్నం మానేస్తారు. ప్లేటు తీసుకుని, వరసలో వచ్చి, కూర్చుని, తినకుండా లేచిపోతారు. నోటీసు లేదు, నినాదం లేదు. పప్పు గిన్నెలు నిండుగా వంటింట్లోకి తిరిగివస్తే మనకి వారం రోజుల టైముందని అర్థం. రాఘవులు గారు డిమాండ్ల కాగితం చదివేముందు వంటమనిషిని పిలిచి "ఎంత మిగిలిందయ్యా?" అని అడిగేవారు.

నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఇరవై ఏళ్ళు వాళ్ళ మధ్య కూర్చుని తిన్నాను. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు లేచిపోయారు, ఎవరి పెరుగు ఎవరు తిన్నారు, అన్నీ చూసేవాణ్ణి. మా ఆవిడ "పెళ్ళిభోజనాల్లో కూడా మీరు అలాగే చూస్తారు. నలుగురూ ఏమనుకుంటారో" అనేది. ఏమనుకునేవాళ్ళంటే, పెళ్ళికొడుకు వాళ్ళతో గొడవ రాబోతోందని అనుకునేవాళ్ళు. రెండుసార్లు వచ్చింది కూడా.

ఆ విద్య మీద నాకు చాలా నమ్మకం. నా పెద్ద తప్పు పుట్టింది ఆ నమ్మకంలోంచే.

రిలీవర్ అంటే

అసెంబ్లీ లైనులో కారు ఆగదు. నడుస్తూనే ఉంటుంది. మా లైనులో డెబ్బై రెండు స్టేషన్లు, అంటే డెబ్బై రెండు నిలబడే చోట్లు. ఒకచోట డోరు, ఒకచోట సీటు, ఒకచోట వైర్లు. ఒక్కో చోట ఒక్కో కారుకు నిమిషం పైన కొన్ని సెకన్లు. అది అయ్యేసరికి తర్వాతి కారు ముందుంటుంది. మరి ఆ మనిషికి బాత్రూముకి వెళ్ళాలనిపిస్తే?

తల పైన తాడు ఉంటుంది. లాగితే పసుపు దీపం వెలిగి, ఐస్‌క్రీమ్ బండి లాంటి ట్యూను మోగుతుంది. రిలీవర్ పరిగెత్తుకొచ్చి ఆ చోట నిలబడి పని అందుకుంటాడు. మొదటి మనిషి వెళ్ళి వస్తాడు. ఎవరూ రాకపోతే ఒక నిమిషానికి లైను మొత్తం ఆగుతుంది. లైను ఆగితే ఎవరి తాడు వల్ల ఆగిందో బోర్డు మీద పడుతుంది.

మా రిలీవర్లలో సీనియరు జంగయ్య. మహబూబ్‌నగర్ వైపు నుంచి వాళ్ళ నాన్న మేస్త్రీ పనికి వచ్చి మా చిక్కడపల్లి వెనక బస్తీలో ఉండిపోయాడు. జంగయ్య అక్కడే పెరిగాడు. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు. నలభై స్టేషన్ల పని తెలుసు. పర్మనెంటు వాళ్ళలో మూడు స్టేషన్ల పని తెలిసినవాళ్ళు తక్కువ. పొద్దున కంపెనీ బస్సులో కనిపించేవాడు.

"ఇవాళ ఎక్కడ జంగయ్యా?" అనేవాణ్ణి.

"ఎవనికి అర్జెంటుంటే ఆడ, సార్" అనేవాడు.

బస్సంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ జవాబులో ఒక ఉద్యోగ వివరణ ఉందని నాకు తోచలేదు.

ఖాళీ గడి

ఒక ఏడాది అమ్మకాలు తగ్గాయి. పై ఆఫీసు నుంచి మనుషుల్ని తగ్గించమని ఉత్తరం వచ్చింది. ఇలాంటి ఉత్తరాల్లో 'మనుషులు' అనే మాట ఉండదని గమనించండి. ఎన్ని తగ్గించాలో ఉంటుంది, ఎవరినో ఉండదు. ఎవరినన్నది నాలాంటి వాడికి వదిలేస్తారు.

నా దగ్గర పెద్ద షీటు ఉండేది. పేరు, రకం, చేరిన తేదీ, స్టేషన్ నంబరు. పర్మనెంటు వాళ్ళ జోలికెళ్తే యూనియన్ ఒప్పుకోదు. ట్రైనీల్ని తీస్తే ఏదో స్టేషను ఖాళీ అవుతుంది. రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడో రోజు షీటుని స్టేషన్ నంబరు ప్రకారం వరసలో పెట్టాను. కంప్యూటరు ఖాళీ గడులన్నీ ఒకచోట చేర్చింది. పద్దెనిమిది పేర్లు. ఏ స్టేషనూ లేనివాళ్ళు. అందరూ కాంట్రాక్టే. యూనియన్ సభ్యులు కాదు.

నిజం చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. ఒక్క చోటు కూడా ఖాళీ అవ్వకుండా పద్దెనిమిది మందిని తగ్గించాను! ప్లాంటు హెడ్ కృష్ణప్రసాద్ గారు "బ్రహ్మాండం మూర్తీ" అని సంతకం పెట్టారు. ఆయన ఏ కాగితమూ చదివేవారు కాదు, సంతకం మాత్రం అందంగా పెట్టేవారు. కాంట్రాక్టరు సాయంత్రానికి అందరికీ ఫోనులో మెసేజ్ పెట్టాడు. మర్నాడు బస్సులో జంగయ్య సీటులో వేరే అతను కూర్చున్నాడు. నేను కిటికీలోంచి మెట్రో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మూడు వారాలు ఏమీ కాలేదు. కార్లు అన్నే వచ్చాయి. ఒక నిర్ణయం మంచిదా కాదా అని తేల్చడానికి మా దగ్గర వేరే కొలత ఉండేది కాదు.

బోర్లించిన గ్లాసులు

నాలుగో వారంలో క్యాంటీనులో ఒకటి గమనించాను. అన్నం తింటున్నారు. పప్పూ తింటున్నారు. నీళ్ళు తాగడం లేదు. గ్లాసులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. మర్నాడూ అంతే. టీ టైములో టీ డ్రమ్ము సగానికి పైగా తిరిగి వెళ్ళింది.

ఇరవై ఏళ్ళలో అన్నం మానేయడం చూశాను, నీళ్ళు మానేయడం చూడలేదు. ఇదేదో కొత్త నిరసన. ఎవరు నేర్పారు? వంటమనిషిని అడిగితే "ఫిల్టరు మార్చినం సార్, గయినా తాగుతలేరు" అన్నాడు. ఒక టేబులు దగ్గర కూర్చుని "ఏంటి సంగతి?" అన్నాను. అందరూ ప్లేట్లలోకి చూశారు. మౌనంగా ఉంటే కుట్ర ఉన్నట్టే అని రాఘవులు గారు చెప్పిన జ్ఞాపకం. కుట్ర ఉంటే దానికో నాయకుడుండాలి. మాకున్న నాయకుడు ఒక్కడే, యూనియన్ కార్యదర్శి మల్లేశం. పర్మనెంటు. వైరింగు సెక్షను. నల్లకుంటలో ఇల్లు. నోరు పెద్దది, మనసు దానికన్నా కొంచెం పెద్దది.

నేను రెండు పేజీల రిపోర్టు రాశాను. "మంచినీటి బహిష్కరణ రూపంలో సంఘటిత నిరసన" అని శీర్షిక. దాని వెనక మల్లేశం ఉన్నట్టు నమ్మడానికి కారణాలున్నాయని రాశాను. ఆ కారణాలు ఏమిటో రాయలేదు, ఎందుకంటే లేవు. కృష్ణప్రసాద్ గారు దీన్ని మాత్రం చదివారు. ఆ శనివారమే మల్లేశంకి సస్పెన్షన్ కాగితం అందింది.

నారాయణగూడలో ఆదివారం

నాకూ మల్లేశంకీ ఒక పద్ధతి ఉండేది. ఫ్యాక్టరీలో ఇద్దరం కాగితాలతో మాట్లాడుకుంటాం. ఆదివారం పొద్దున నారాయణగూడ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో నోటితో మాట్లాడుకుంటాం. అక్కడ అన్న మాట ఇక్కడ వాడకూడదు. ఈ ఒప్పందం ఏ రిజిస్టర్లోనూ లేదు. పదిహేనేళ్ళలో మేం తప్పని ఒప్పందం అదొక్కటే.

ఆ ఆదివారం రాడనుకున్నాను. వచ్చాడు. సస్పెన్షన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, టీ కప్పు కింద పరిచాడు.

"ఏంది సార్, నీళ్ళు తాగకుంటే సస్పెండా? రేపు దమ్ము ఆపితే ఉరేస్తరా?"

"మల్లేశం, మనం మనం మాట్లాడుకుందాం. ఈ నీళ్ళ గొడవ ఎవరి ఆలోచన?"

"మీదే సార్."

"నాదా?"

"మీదే. రిలీవర్లను ఎవరు తీసేసిన్రు? నీళ్ళు తాగితే పోవాల్సొస్తది గదా. పోనీకి తాడు గుంజాలె. తాడు గుంజితే వచ్చేటోడు ఏడున్నడు? లైను ఆగుతది, బోర్డు మీద నంబరు పడుతది, సూపర్‌వైజరు అందరి ముంగట ఇజ్జత్ తీస్తడు. గందుకే తాగుతలేరు. నిరసన లేదు, గిరసన లేదు. సీటు సెక్షన్ల సుజాత లేదా, గా పిల్ల నాలుగు దినాల సంది దవాఖానల ఉంది. మూత్రంల ఇన్ఫెక్షన్. డాక్టరమ్మ నీళ్ళు ఎందుకు తాగుతలేవమ్మా అనడిగితే ఏం చెప్పిందో ఎర్కేనా? 'డ్యూటీల ఉన్న' అన్నదంట."

నా బన్ను టీలో సగం మునిగి ఉంది. అది విరిగి కప్పులో పడిపోయింది.

"ముందే చెప్పొచ్చు కదయ్యా" అన్నాను.

"మీరు అడిగిన్రా? పక్కకొచ్చి కూసుంటరు, పోలీసోని లెక్క ప్లేట్లు చూస్తరు. ఆడపిల్లలు మీకు గిది చెప్తరా?" గొంతు తగ్గించాడు. "నాది గూడ తప్పుంది సార్. పద్దెనిమిది మందిని తీసేస్తే మా మెంబర్లు గాదు గదా అని నేను ఊకున్న. నా తాడు నేను గుంజిననాడు సమజైంది."

నేను నా తప్పులు లెక్కపెట్టుకోవడంలోనే ఉన్నాను.

మల్లేశం లేస్తూ చెప్పాడు. "రేపు ఫస్ట్ షిఫ్టుల అందరు రెండేసి గ్లాసుల నీళ్ళు తాగుతరు. తాగినంక ఎవనికి వచ్చినప్పుడు వాడు తాడు గుంజుతడు. మీ రూలు ప్రకారమే. గీ సమ్మెకు నోటీసు ఎన్ని దినాల ముంగట ఇయ్యాలె సార్? జర చట్టం చూసి చెప్పున్రి."

ఇంటికెళ్ళి చట్టం చూశాను. నీళ్ళు తాగడానికి నోటీసు అవసరం లేదు.

సోమవారం

పొద్దున ఏడింటికే కృష్ణప్రసాద్ గారి గదికి వెళ్ళాను. రెండు వాక్యాల కాగితం ఇచ్చాను. రిలీవర్లను తీసేయడం నా పొరపాటు. మల్లేశం మీద రాసిన రిపోర్టు కూడా పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను. ఉద్యోగంలో నేను రాసిన కాగితాల్లో అతి చిన్నది అదే. రాయడానికి ఆదివారం మొత్తం పట్టింది.

ఆయన చదివి, కళ్ళజోడు తీశారు. "మూర్తీ, నీ పొరపాటని నువ్వు రాశావు. బానే ఉంది. దాని మీద నా సంతకం ఉంది కదా?"

"మీరు చదివి పెట్టారని ఎవరూ అనుకోరు సార్."

ఆయనకి అది ఓదార్పుగా వినిపించలేదు. "సాయంత్రం చూద్దాంలే" అన్నారు.

ఏడూ నలభైకి మొదటి ట్యూను మోగింది. తర్వాత రెండోది. ఎనిమిదిన్నరకల్లా లైను మీద ఐస్‌క్రీమ్ బండ్ల జాతర. పసుపు దీపాలు ఒకటి ఆరితే ఇంకోటి. లైను ఆగుతుంది, కదులుతుంది, ఆగుతుంది. ఎవరూ అరవలేదు. తాడు లాగినవాడు మర్యాదగా చెయ్యెత్తి, సూపర్‌వైజరుకి చెప్పి, నడిచి వెళ్ళి, నడిచి వచ్చాడు. నేను ముప్పై ఆరో స్టేషన్ దగ్గర నిలబడ్డాను. కార్మికులకి కోపం వస్తే ఏం చేయాలో నాకు తెలుసు. ఇక్కడ కోపం లేదు. ఎవరిమీదైనా చర్య తీసుకోవాలంటే ఏమని రాయాలి?

పదకొండింటికి కృష్ణప్రసాద్ గారు ఫోన్ చేశారు. "ఆ రెండు వాక్యాల కాగితం ఇంకో కాపీ తీసుకురా" అన్నారు. మల్లేశం సస్పెన్షన్ రద్దయింది. రిలీవర్లను వెనక్కి పిలవమన్నారు.

అశోక్‌నగర్ మూడో అంతస్తు

మెసేజ్ పెట్టి తీసేసినవాళ్ళని మెసేజ్ పెట్టి పిలవడం నాకు నచ్చలేదు. కొందరి ఇళ్ళకి నేనే వెళ్ళాను. జంగయ్య అశోక్‌నగర్‌లో దొరికాడు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ళకి నీళ్ళ క్యాన్లు వేస్తున్నాడు. భుజం మీద క్యానుతో మెట్లెక్కుతూ నన్ను చూశాడు.

"ఏం సార్, ఇటొచ్చిన్రు? గ్రూప్స్ రాస్తున్నరా?"

"వయసు దాటిందయ్యా. వాపసు వచ్చెయ్, జంగయ్యా."

క్యాను దించాడు. సంతోషం కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు.

"వస్త సార్. గని మళ్ళ ఎన్ని దినాలకు తీస్తరో ముందే చెప్పున్రి. గీ పని ఇడిసిపెడితే మళ్ళ దొరకది. పిల్లగాండ్లది స్కూలుంది, కిరాయి ఇల్లు. మళ్ళ మెసేజ్ వస్తే పరేషాన్ అయిత."

"ఇక తీయరు."

"మీరుంటే తియ్యరు. మీరు పోయినంక?"

నా తర్వాత వచ్చేవాడు కూడా చదువుకున్నవాడే. అదే షీటు, అదే ఖాళీ గడి. రెండు రోజులు తల పట్టుకుని, మూడో రోజు వరసలో పెడతాడు.

ఆ వారం షీటులో ఒక కొత్త స్టేషను చేర్చాను. డెబ్బై మూడు. పద్దెనిమిది పేర్ల ఎదురుగా ఆ నంబరు వేశాను. ఫ్యాక్టరీలో డెబ్బై రెండో స్టేషన్ తర్వాత గోడ ఉంటుంది. కృష్ణప్రసాద్ గారు ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టారు. మల్లేశంకి చెప్పాను, జంగయ్యకి చెప్పాను. జంగయ్య పనిలో చేరాడు.

ఇది సరైన పనేనా అని మీరు అడగొచ్చు. దొంగ లెక్కే. అప్పుడు నిజం రాయించే ఓపిక నాకు లేకపోయింది. లైను మీద ఉండే అందరి అవసరం గనక రిలీవర్లు ఉండాలి అని పై ఆఫీసుని ఒప్పించడానికి ఏడాది పట్టేది. అబద్ధానికి అయిదు నిమిషాలు పట్టింది. తొందరగా అయ్యే పనిని మంచి పని అనుకోవడం మా వృత్తిలో ఉన్న జబ్బు. మీకు అంటకుండా చూసుకోండి.

ఈ వారం

మొన్న సోమవారం ఫోను మోగింది. నా కుర్చీలో ఇప్పుడున్న అమ్మాయి, నిఖిత. చదువులో చురుకు, మాటలో మర్యాద.

"సార్, డిస్టర్బ్ చేస్తున్నానా? చిన్న డౌటు. నేను లైనంతా నడిచి చూశాను. డెబ్బై మూడో స్టేషన్ ఎక్కడుంది సార్?"

ఇప్పటిదాకా మీకు చెప్పినదంతా ఆమెకి చెప్పాను. మధ్యలో ఆమె ఒక్కసారీ అడ్డురాలేదు. అదే నన్ను భయపెట్టింది.

"సార్, నేను పై ఆఫీసుకి షీటు పంపేశాను. లేని స్టేషను, అందులో పద్దెనిమిది మంది అని రిమార్కు కూడా రాశాను. శుక్రవారం జవాబిస్తామన్నారు."

"అయితే పొరపాటు పడ్డానని ఇంకో కాగితం పంపమ్మా. నేనూ అలాగే చేశాను."

"కానీ సార్, నేను పొరపాటు పడలేదు కదా. అక్కడ స్టేషన్ లేదు."

ఆ అమ్మాయి అన్నది నిజం. ఆ రోజు తప్పు రాసింది నేను, ఇవాళ సరిగ్గా రాసింది ఆమె. ఫలితం మాత్రం ఆ పద్దెనిమిది మందికి ఒకటే.

మంగళవారం నేనే ఒక ఉత్తరం రాశాను. డెబ్బై మూడు నా కల్పన, దానికి నేనే బాధ్యుణ్ణి, కానీ ఆ మనుషులు కల్పన కాదు, వాళ్ళు లేకపోతే లైను మీద ఏమవుతుందో ఒకసారి చూశాను, అని. సుజాత పేరు లేకుండా ఆ సంగతి కూడా రాశాను. బర్కత్‌పురలో నిఖిత వాళ్ళ ఇంటికి వెళ్ళి ఇచ్చాను. గేటు దగ్గరే నిలబడి చదివింది.

"ఇది పంపితే మిమ్మల్ని ఏమైనా అంటారేమో సార్."

"అనమనమ్మా. నాకు టైముంది."

"దీనికి కవరింగ్ లెటర్ నేను రాయాలి. రిలీవర్లు కావాలని నేను కూడా అన్నట్టవుతుంది. చేరి నాలుగు నెలలే సార్."

"అవునమ్మా" అన్నాను. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసున్నప్పుడే ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఆమె ఉత్తరం మడిచి ట్యాబ్ కవర్లో పెట్టుకుంది. పంపుతానని అనలేదు, పంపనని అనలేదు.

మల్లేశంకి ఫోన్ చేస్తే, "జంగయ్యకు చెప్పాల్నా వద్దా సార్? శుక్రారం దాంక ఊకుందామా?" అన్నాడు. ఊరుకుందామనే నోటిదాకా వచ్చింది. పోయినసారి వాళ్ళకి సంగతి అందరికన్నా చివర తెలిసింది, అదీ ఫోనులో. ఈసారి నేనే వెళ్ళాను. నిన్న సాయంత్రం, షిఫ్టు అయి వచ్చాక, బస్తీ మొదట్లో టీ బండి దగ్గర జంగయ్యకి మొత్తం చెప్పాను. అతను ఖాళీ కప్పుని చేతిలో తిప్పుతూ విన్నాడు. తిట్టలేదు. తిడితే నాకు తేలికయ్యేది.

"గా మేడమ్ మంచిదేనా సార్?"

"మంచిదే. భయపడుతోంది."

"మనమూ భయపడుతనే ఉన్నం గదా." కప్పు డబ్బాలో వేశాడు. "లైను మీదికి మళ్ళొస్తదా?"

"రమ్మంటే వస్తుందేమో."

"రేపు రమ్మనున్రి, సార్. నా ఎంబడి ఒక్క షిఫ్టు తిరగమనున్రి. నేను ఏడేడ నిలబడితే గదే డెబ్బై మూడు. నేను చూపిస్త."

ఆ మాట ఉన్నదున్నట్టు నిఖితకి మెసేజ్ పెట్టాను. నిన్న రాత్రే చదివింది, రెండు నీలం టిక్కులు కనిపిస్తున్నాయి. జవాబు రాలేదు. ఇవాళ గురువారం. ఫస్ట్ షిఫ్టు మొదలై రెండు గంటలైంది. ఆమె ఇప్పుడు తన గదిలో ఉందో, జంగయ్య వెనక నడుస్తోందో నాకు తెలియదు.